దాగుమనిన దేవుడే కాకోలములను పంపెను

(ఈ మాసపు బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: 1 రాజులు 17:1-16; సంఖ్యాకాండము 12:9-16; ఫిలేమోనునకు 8, 9 వచనములు.

ప్రియులారా, తెగులు వ్యాపించిన దినములలో సంఘము తన వృద్ధులను "మీరు ఇంటనే యుండుడి" అని అడుగుట న్యాయమేనా? న్యాయమైనయెడల ఏలాగు అడుగవలెను? అడిగిన తరువాత మనమేమి చేయవలెను? ఈ మాసము ఈ మూడు ప్రశ్నలను వాక్యపు వెలుగులో పరిశీలింతము.

కోవిడ్ విషయమైన అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించెను. అయిపోయిన దానిని మరల త్రవ్వుట ఎందుకని కొందరు అడుగవచ్చును. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చెను, 2020లో కోవిడ్ వచ్చెను. మరియొకటి రాదని ఎవరు చెప్పగలరు? 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ వీధులు మునిగినప్పుడు, గట్టు సంగతి వరదకు ముందే చూచుకొనవలెనని మనమందరము అనుకొంటిమి. ఈ పాఠమును కూడ అట్టి గట్టుపని అని యెంచుడి.

జరిగిన సంగతి

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 10న శుభ శుక్రవారము, 12న పునరుత్థాన పండుగ వచ్చెను. ఆ రెండు నాళ్లును గుడి తలుపులు మూయబడియే యుండెను. పిమ్మట జూన్ 8 నుండి ఆరాధన స్థలములు తెరువవచ్చునని కేంద్ర ప్రభుత్వము సెలవిచ్చెను. అయితే 65 ఏండ్లు దాటినవారును, ఇతర వ్యాధులు గలవారును, గర్భిణులును, 10 ఏండ్లలోపు పిల్లలును ఇంటనే యుండవలెనని సలహా చెప్పెను.

మేము ఆ కాగితమును వేదికమీదనుండి చదివితిమి. చదివి, మడిచి, బైబిలులో పెట్టుకొంటిమి. అంతకంటె ఏమియు చేయలేదు. తరువాతి ఆదివారము మేము గుడికి వచ్చుచుండగా, ప్రహరీ బయట వేపచెట్టు క్రింద, మా సంఘములో అందరికంటె పెద్దదైన ఒక విధవరాలు ఉతికిన చీర కట్టుకొని కూర్చుండియుండెను. లోపలికి రాలేదు. "ఎండలో కూర్చున్నావేమి మామ్మా?" అని అడిగితిమి. ఆమె లేచి నిలువబడి, "నేనేం తప్పు చేశానయ్యగారూ, నన్ను వెలేశారు?" అనెను.

వెలి! ఆ మాట మన పేటలలో ఊరక పుట్టిన మాట కాదు. మన తాతలు ఊరికి వెలుపల కాపురముండిరి. దూరముగా నిలువుమనుట, బావి దగ్గరకు రావద్దనుట, వేరు గ్లాసులో పోయుట, ఇవన్నియు వారు అనుభవించినవే. ప్రభువు మందిరములో అందరితోపాటు ఒక్క చాపమీద కూర్చుండి, ఒక్క రొట్టెలో పాలు పొందినప్పుడు గదా ఆ గాయము మానుట మొదలైనది! అట్టి ముసలమ్మతో ఆ మందిరపు కాపరులమైన మేమే "దూరముగా నుండుము" అంటిమి. మేము చెప్పినది వైద్యము; ఆమెకు వినబడినది వెలి. తప్పు ఆమె చెవిది కాదు, మా నోటిది.

2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు "సామాజిక దూరము" అనుటకంటె "భౌతిక దూరము" అనుట మేలని చెప్పియుండిరి. దేహములు ఎడముగా నుండవలెను గాని మనుష్యులు ఒకరినుండి ఒకరు తెగిపోరాదని దాని భావము. ఆ భేదమును మేము నేర్చుకొనుటకు ఆ ముసలమ్మ కన్నీరు కావలసివచ్చెను.

1. అడుగుట న్యాయమేనా?

న్యాయమే. వయస్సు మీరినకొలది రోగముతో పోరాడు శక్తి దేహములో తగ్గును. చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నచో అపాయము మరింత హెచ్చును. అన్ని తెగుళ్లును ఒక్క రీతిగా నుండవు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా బలముగల యౌవనులను విశేషముగా కొనిపోయెను. కోవిడ్ వృద్ధులను కొనిపోయెను. కాబట్టి ఏ తెగులు వచ్చినప్పుడు ఎవరిని కాపాడవలెనో వైద్యులను అడిగి తెలిసికొనవలెను.

మరియొక సంగతి. ఈ వ్యాధి సోకినవాడు తనలో ఏ లక్షణమును కనబడకమునుపే ఇతరులకు అంటించగలడు. "నాకు జ్వరము లేదు గదా" అని తల్లి ప్రక్కను కూర్చుండిన కుమారుడు, తెలియకయే ఆమెకు అపాయము తెచ్చును. అతనిలో దురుద్దేశము లేదు. అయినను ఆమెకు కలుగు అపాయము తగ్గదు.

"విశ్వాసముతో గుడికి వచ్చినవారికి ఏమియు కాదు" అని కొందరు బోధించిరి. దేవాలయ శిఖరముమీద శోధకుడు ప్రభువుతో చెప్పినదియు ఇట్టిదే. దూతలు ఎత్తుకొందురు గనుక దూకుమని వాడు పలికెను. ప్రభువు దూకలేదు (మత్తయి 4:5-7). ఏలీయాకంటె విశ్వాసవీరుడెవడు? అతనితోనే దేవుడు కెరీతు వాగు దగ్గర దాగుమని చెప్పెను. దాగుట అవిశ్వాసము కాదు. చెప్పినవాడు దేవుడైనప్పుడు అది విధేయత.

2. ఏలాగు అడుగవలెను?

ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో పౌలు తాను ఆజ్ఞాపించుటకు అధికారము గలవాడైనను, ప్రేమనుబట్టి వేడుకొనుటయే మేలని యెంచెను. వ్రాసినవాడు వృద్ధుడు, పైగా ఖైదీ. మూసిన తలుపు వెనుక కూర్చుండుట ఎట్టిదో అతనికి తెలియును.

మేము చేసిన పొరపాటు ఇదియే. ప్రకటన చదివితిమి గాని మనిషిని అడుగలేదు. వృద్ధులు సరకు మూటలు కారు, ఎత్తి ఒక మూలను పెట్టుటకు. వారు మనలను పెంచినవారు. వారి గడపకు పోయి, మాస్కు ధరించి, ఆరడుగుల దూరమున నిలిచి, ఎందుకో విప్పి చెప్పవలెను. "అమ్మా, నీవలన మాకు అపాయమని కాదు, మావలన నీకు అపాయమని" అని చెప్పవలెను. ఈ ఒక్క మాటతో వెలి వేరు, కాపుదల వేరు అని వారికి తెలియును. వెలిలో ఉన్నవారు బయటివానిని అపవిత్రుడనుకొందురు. కాపుదలలో బయట తిరుగువారే తమవలన కలుగు అపాయమును ఒప్పుకొని వెనుకకు నిలుతురు.

మన ఇండ్లలో అనేకములు ఒంటిగది ఇండ్లు. వేరు గది ఏదని అడుగుదురు. ఈ వ్యాధి ముఖ్యముగా ఊపిరిద్వారా, మూసిన గదిలోని గాలిద్వారా పాకును గనుక పెద్దవారి మంచము గాలి ఆడు వసారాలో వేయవచ్చును. బయట పనికి పోయి వచ్చువారు వేరుచోట పండుకొనవలెను. పళ్లెము, గ్లాసు కడుగుట మంచిదే. అయితే ముసలివారికి వేరు గ్లాసు పెట్టి, అదే గదిలో వారి ప్రక్కను కూర్చుండి దగ్గుట వలన ప్రయోజనము లేదు. వారికి అవమానము, మనకు భ్రమ మాత్రమే మిగులును.

3. అడిగిన తరువాత ఏమి చేయవలెను?

ఇప్పుడు పాఠమునకు గుండెకాయ వంటి మాటకు వచ్చితిమి. 1 రాజులు 17లో 3వ వచనమును, 4వ వచనమును కలిపి చదువుడి. 3వ వచనములో దేవుడు ఏలీయాను దాగుమని చెప్పెను. 4వ వచనములో, అతనికి ఆహారము తెచ్చుటకు కాకోలములకు ముందే ఆజ్ఞ యిచ్చితినని చెప్పెను. ఈ రెండును ఒక్క ఊపిరిలో పలికిన మాటలు. ఉదయము రొట్టె మాంసము, సాయంకాలము రొట్టె మాంసము వచ్చెను. మేము 3వ వచనమును చదివి, 4వ వచనమును విడిచితిమి.

మన డెల్టాలో వేసవిని కాలువ కట్టుదురు. కట్టకముందే ఊరి మంచినీటి చెరువు నింపుదురు. చెరువు నింపకుండ కాలువ కట్టినచో ఊరు దాహముతో మలమలలాడును. పెద్దవారి తలుపు మూయుమని అడుగుటకు ముందు వారి చెరువు నిండినదా అని చూడవలెను. బియ్యమున్నదా? నెలకు సరిపడు రక్తపోటు మాత్రలున్నవా? వారితో మాటలాడు మనిషి యున్నాడా?

ఇంగ్లండు దేశమున ఈయమ్ అను పల్లె గలదు. 1665లో అక్కడ ప్లేగు పుట్టెను. 1666లో విలియం మాంపెసన్ అను కాపరి, తనకు ముందు అక్కడ సేవచేసిన థామస్ స్టాన్లీతో కలిసి, తెగులు పొరుగు ఊళ్లకు పాకకుండునట్లు ఊరు దాటి పోవద్దని ప్రజలను ఒప్పించెను. అయితే పొరుగువారు వారిని విడువలేదు. పొలిమేర రాళ్లయొద్ద ఆహారము పెట్టి పోయిరి. ఊరివారు పైకమును వినెగరులో ఉంచి చెల్లించిరి. గుడి మూసి, బయలులో కుటుంబమునకు కుటుంబమునకు ఎడమిచ్చి ఆరాధన జరిపిరి. మాంపెసన్ భార్యయు ఆ తెగులుచేతనే మరణించెను. ఒప్పించినవాడు తాను కూడ ఆ భారమును మోసెను. ఆ రాళ్లే వారికి కెరీతు వాగు.

మన రాష్ట్రములో ఆ దినములలో ప్రభుత్వము 2,250 రూపాయల వృద్ధాప్య పింఛనును ఇంటి గడపయొద్దకే పంపెను. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగిరి. వారు రొట్టె తెచ్చిన కాకోలములు. సంఘము వెనుకబడవచ్చునా? వేపచెట్టు క్రింది ఆ మాట విన్న తరువాత మా యౌవనస్థులు పేటను పంచుకొనిరి. ఒక్కొక్కరికి ఇద్దరు పెద్దలు. ఉదయము ఒకమారు, సాయంకాలము ఒకమారు గడపయొద్ద నిలిచి పలుకరించుట వారి పని. మేము వీధివెంట నడచుచు ఒక్కొక్క గడపయెదుట ఒక కీర్తన చదివి ప్రార్థించితిమి.

అయితే దాచక చెప్పవలెను. ఆలస్యము చేసితిమి. భార్యను పోగొట్టుకొని ఒంటరిగానున్న ఒక పెద్దాయనయొద్దకు మొదటి వారములలో ఎవరును పోలేదు. ఆయనకు ఆ వ్యాధి సోకలేదు. ఆయన మెల్లమెల్లగా అన్నము మానెను. మేము పోవు సరికి మాటయు మానెను. 2020 ఆగస్టులో ఆయనను భూస్థాపన చేసితిమి. తెగులునుండి కాపాడితిమి గాని మనిషిని కాపాడలేకపోతిమి. 17వ అధ్యాయము 7వ వచనమున వాగు ఎండెను. అప్పుడు దేవుడు ఏలీయాను అక్కడనే విడువలేదు. సారెపతులోని విధవరాలి యింటికి, మనుష్యుల మధ్యకు పంపెను. దాగుటకు ఒక కాలమున్నది. వాగు ఎండినదేమో వారము వారము చూచుట కాపరుల పని.

4. మిర్యాము కొరకు ఆగిన జనము

మిర్యాము ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసివచ్చెను. ఆమెది శిక్ష, మన పెద్దలది శిక్ష కాదు. అయితే జనులు ఏమి చేసిరో చూడుడి. ఆమె తిరిగి వచ్చువరకు ప్రయాణమై పోలేదు (సంఖ్యా. 12:15). లక్షల జనము ఒక్క ముసలి సోదరి కొరకు గుడారములు విప్పక నిలిచిరి.

మా సంఘము ఆ యేడు కోత పండుగను నవంబరులో జరుపక ఆపెను. పెద్దలు లేని పండుగ వద్దని యౌవనస్థులే చెప్పిరి. వ్యాధి తగ్గిన తరువాత, 2021 జనవరిలో, కోసిన పొలములో, ఆకాశము క్రింద, మంచములు ఎడమెడముగా వేసి జరిపితిమి. వేపచెట్టు క్రింద కూర్చుండిన మామ్మ శేరు బియ్యము కొంగున కట్టుకొని వచ్చి, తన మంచముమీదనుండి అందరికంటె గట్టిగా ఆమేన్ చెప్పెను. 2021 మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికి టీకా ఇచ్చుట మొదలైనప్పుడు ఆమెను ఆరోగ్య కేంద్రమునకు తోడుకొనిపోతిమి. ఏప్రిల్, మే మాసములలో రెండవ తరంగము వచ్చినప్పుడు మరల తలుపులు మూయవలసివచ్చెను. ఈసారి చెరువు నింపి మూసితిమి. ఆమె అడుగక మునుపే తానే, "నేను లోపలుంటానులే అయ్యగారూ, సాయంత్రం పిల్లోణ్ణి పంపండి" అనెను.

పెద్దలారా, మీకును ఒక మాట. తలుపు మూసికొనినందున మీ సేవ ఆగదు. పౌలు సంకెళ్లలోనుండి సంఘములను పోషించెను. బయట తిరుగు పిల్లల పేర్లు మీయొద్ద నుంచుకొని ప్రార్థించుడి. వారు మీకు కాకోలములు. మీరు వారికి కావలివారు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో 65 ఏండ్లు దాటినవారు, ఒంటరిగా నుండువారు ఎవరు? వారి పట్టిక మనయొద్ద ఉన్నదా?
2. రేపు తెగులు వచ్చినచో ఎవరి గడపకు ఎవరు పోవుదురు?
3. మన మాటలలో వెలి వలె వినబడు మాట ఏదైన ఉన్నదా? దానికి బదులు ఏమి చెప్పుదుము?

ప్రార్థన

కనికరముగల తండ్రీ, నీ దాసుని దాచి పోషించిన దేవా, మా పెద్దలను కాపాడుము. వారిని దాగుమని చెప్పు నోటితోపాటు, వారికి రొట్టె మోయు చేతులను మాకు దయచేయుము. మేము ఆలస్యము చేసినందున నలిగినవారి విషయమై మమ్మును క్షమించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.