తెలిసిన పేరు కోసం: సెల్‌ఫోను వైఫైని వెదికే విధానం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మనిషి తన అవసరాల కోసం ఎన్నో యంత్రాలను సృష్టించుకున్నాడు. వాటిలో సెల్‌ఫోను అంతగా మనిషిని అంటిపెట్టుకుని వుండే యంత్రం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. హాస్టలులో అడుగు పెట్టగానే ఫోను తెర పైభాగంలో చిన్న విసనకర్ర లాంటి గుర్తు కనబడుతుంది. మనం ఏ మీటా నొక్కలేదు, ఎవరినీ అడగలేదు. అయినా ఫోను తనకు తెలిసిన వైఫైని తానే పట్టుకుంది. ఇదెలా జరిగిందని మనలో ఎంతమందిమి ఆలోచిస్తాం?

మాది వ్యవసాయ కుటుంబం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న అడిగాడు: "మన పొలంలో వైఫై లేదు గదరా, మరి ఇది ఎవరికోసం వెతుకుతా వుంది? వూరికే చార్జింగు తగలేస్తుందా?" ప్రశ్న చిన్నదే గాని, జవాబు కోసం నేను చాలా చదవవలసి వచ్చింది. చదివిన మీదట నాకు అర్థమైనది ఇది. ఎడతెగకుండా వెదకడం ఏ యంత్రమైనా చేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ వెదకనక్కరలేదో తెలుసుకోవడంలోనే ఫోను తెలివి అంతా వుంది. ఆ తెలివి మన బ్యాటరీనే గాక మన గుట్టును కూడా కాపాడుతుంది. ఆ సంగతి తోటి విద్యార్థులతో పంచుకోవాలనే ఈ చిన్న ప్రయత్నం.

రూటరు వేసే చాటింపు

వైఫై అనేది రేడియో తరంగాల ద్వారా సమాచారాన్ని చేరవేసే పద్ధతి. దీనికి సంబంధించిన 802.11 అనే ప్రమాణాన్ని ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 1997లో వెలువరించింది. మన రేడియోలో స్టేషన్లు వున్నట్లే వైఫైలో ఛానెళ్ళు వుంటాయి. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో మన దేశంలో వాడే ఛానెళ్ళు 13. మొదటిది 2412 మెగాహెర్ట్జుల వద్ద, పదమూడవది 2472 మెగాహెర్ట్జుల వద్ద వుంటాయి. ఒక్కొక్క దానికీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జులు. 5 గిగాహెర్ట్జుల పట్టీలో మరో రెండు డజన్ల ఛానెళ్ళు వున్నాయి.

ప్రతి రూటరూ తాను పనిచేసే ఛానెలులో క్రమం తప్పకుండా ఒక చాటింపు వేస్తుంది. దీనిని బీకన్ అంటారు. "నా పేరు ఫలానా, నా ఛానెలు ఫలానా, నాకు తాళం వుంది, నా వేగం ఇంత" అని ఆ చాటింపులో వుంటుంది. ఇది సాధారణంగా 102.4 మిల్లీసెకండ్లకు ఒకసారి వస్తుంది. ఈ వింత అంకె ఎక్కడిదని సందేహం కలగవచ్చు. వైఫై ప్రమాణంలో కాలానికి కొలత 1024 మైక్రోసెకండ్లు. అలాంటివి వంద కలిస్తే 102.4 మిల్లీసెకండ్లు. అంటే సెకండుకు దాదాపు పదిసార్లు రూటరు తన పేరు చెప్పుకుంటుందన్నమాట.

వినడం, పిలవడం

వెదకడానికి ఫోనుకు రెండు మార్గాలు వున్నాయి. చీకట్లో దూడ తప్పిపోతే రైతు ఏం చేస్తాడు? ఒకచోట నిలబడి మెడలో గంట చప్పుడు వినబడుతుందేమోనని చెవి ఒగ్గి వింటాడు. లేదా గొంతెత్తి పిలుస్తాడు. ఫోను చేసేదీ అదే.

మొదటి మార్గం వినడం. ఫోను ఒక ఛానెలుకు వెళ్ళి, అక్కడ వంద మిల్లీసెకండ్లకు పైగా మౌనంగా ఆగి, ఏ చాటింపు వస్తుందో విని, తరువాతి ఛానెలుకు పోతుంది. రెండవ మార్గం పిలవడం. "ఇక్కడ ఎవరైనా వున్నారా?" అని ఫోనే ఒక చిన్న సందేశం పంపుతుంది. దీనిని ప్రోబ్ అంటారు. రూటరు వుంటే వెంటనే జవాబు ఇస్తుంది. కొద్ది మిల్లీసెకండ్లలో జవాబు రాకపోతే ఫోను అక్కడ ఆగదు.

పిలిస్తే పని త్వరగా అవుతుంది. కాని పిలవడానికి శక్తి కావాలి. పైగా అన్నిచోట్లా పిలవడానికి వీలులేదు. 5 గిగాహెర్ట్జుల పట్టీలో కొన్ని పౌనఃపున్యాలను వాతావరణ రాడార్లు కూడా వాడుకుంటాయి. అందుచేత చాలా దేశాలలో ఆ ఛానెళ్ళ మీద ఫోను ముందుగా నోరు మెదపకూడదనే నిబంధన వుంది. అక్కడ రూటరు చాటింపు వినేదాకా ఆగవలసిందే.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుందాం. రెండు పట్టీలలో కలిపి 37 ఛానెళ్ళు అనుకుందాం. ఒక్కొక్క దానిలో 102.4 మిల్లీసెకండ్లు వింటే ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 3.8 సెకండ్లు పడుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కాని ఫోను ప్రతి 20 సెకండ్లకు ఒక చుట్టు తిరిగితే రోజుకు 4320 చుట్లు. మొత్తం కాలం దాదాపు నాలుగున్నర గంటలు! రోజులో అయిదవ వంతు దాకా ఫోను చెవులు రిక్కించి కూర్చోవాలి. ఆ శక్తి అంతా బ్యాటరీ నుంచి రావలసిందే గదా.

అదే 20 సెకండ్లకు బదులు 160 సెకండ్లకు ఒకసారి వెదికితే రోజుకు 540 చుట్లు, అంటే 34 నిమిషాలు. ఇంకా ఒక మెట్టు ముందుకు పోదాం. మన ఇంటి వైఫై, కాలేజీ వైఫై ఏ రెండు ఛానెళ్ళలో వుంటాయో ఫోనుకు ముందే గుర్తుంటే, ఆ రెండింటినే వింటే చాలు. అప్పుడు రోజు మొత్తానికి పట్టేది రెండు నిమిషాల కన్నా తక్కువ. నాలుగున్నర గంటల పని రెండు నిమిషాలకు దిగింది. కొత్త బ్యాటరీ కనిపెట్టనక్కర లేకుండానే ఈ లాభం వచ్చింది. ఇది నా లెక్క మాత్రమే. నిజమైన ఫోనులో పరిస్థితిని బట్టి అంకెలు మారుతాయి. కాని దారి మాత్రం ఇదే.

ఫోను పాటించే పొదుపు సూత్రాలు

గేదె తప్పిపోతే అనుభవం వున్న రైతు ఊరి పొలాలన్నీ గాలించడు. ముందు చెరువు దగ్గర చూస్తాడు, తరువాత అది ఎప్పుడూ దూరే జొన్నచేను చూస్తాడు. అక్కడ లేకపోతేనే మిగతా చోట్లు. ఫోను కూడా తనకు తెలిసిన వైఫై ఇంతకుముందు ఏ ఛానెళ్ళలో దొరికిందో గుర్తుంచుకుని ముందు వాటినే చూడగలదు. ఇది మొదటి సూత్రం.

రెండవది, దొరకనప్పుడు తొందర తగ్గించుకోవడం. ఆండ్రాయిడ్ మూలరచన అందరూ చదవడానికి వీలుగా బహిరంగంగా వుంది. అందులో ముందుగా పెట్టిన విలువల ప్రకారం, తెర వెలిగి వున్నప్పుడు వెదుకులాటల మధ్య విరామం 20 సెకండ్లతో మొదలై 40, 80, 160 సెకండ్లకు రెట్టింపవుతూ పోతుంది. గణితంలో మనం చదివే గుణశ్రేఢి ఇదే. ఫోన్లు తయారుచేసేవారు ఈ విలువలను మార్చుకోవచ్చు.

మూడవది, కదలికను గమనించడం. బల్లమీద కదలకుండా పడివున్న ఫోను చుట్టూ కొత్త రూటర్లు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే ఆండ్రాయిడ్‌లో తెర ఆరివున్నప్పుడు, ఫోను కదులుతూ వుంటే 20 సెకండ్లకు, కదలకుండా వుంటే 60 సెకండ్లకు ఒకసారి వెదికే ఏర్పాటు వుంది. కదలికను పసిగట్టేది ఫోనులోని త్వరణ మాపకం.

నాలుగవది నాకు బాగా నచ్చినది. తెర ఆరిపోయినప్పుడు ఫోనులోని ప్రధాన ప్రాసెసరు నిద్రపోతుంది. వెదికే పనిని చిన్నదైన వైఫై చిప్పుకు అప్పగిస్తుంది. చేలో మంచె మీద కావలి మనిషిని పెట్టి యజమాని ఇంట్లో పడుకున్నట్లు. తెలిసిన పేర్ల జాబితా ఆ చిప్పు దగ్గర వుంటుంది. జాబితాలోని పేరు వినబడితేనే అది ప్రాసెసరును లేపుతుంది. వీధిలో వంద కొత్త రూటర్లు చాటింపు వేసినా యజమాని నిద్ర చెడదు.

అయిదవది, పొరుగువారిని అడగడం. పెద్ద కాలేజీలో ఒకే పేరుతో పదుల కొద్దీ రూటర్లు వుంటాయి. 2008లో వచ్చిన 802.11కె అనే సవరణ ప్రకారం, మనం కలిసి వున్న రూటరే "నా పొరుగున ఫలానా ఛానెళ్ళలో నా తోటివారు వున్నారు" అని ఒక పట్టీ ఇవ్వగలదు. ఫిజిక్సు లాబు నుంచి లైబ్రరీకి నడిచే విద్యార్థి ఫోను ఆ ఛానెళ్ళను చూసుకుంటే సరిపోతుంది. అమెరికాలో 2020లో అనుమతించిన 6 గిగాహెర్ట్జుల పట్టీలో ఏకంగా 59 ఛానెళ్ళు వున్నాయి. అన్నీ వినాలంటే ఆరు సెకండ్లు. అందుకని వాటిలో 15 ఛానెళ్ళను మాత్రమే ముఖ్యమైనవిగా నిర్ణయించారు. పాత పట్టీల చాటింపులోనే కొత్త పట్టీ వివరం కూడా చెప్పే ఏర్పాటు చేశారు.

తెలిసినవి రెండు మూడు ఒకేసారి దొరికితే ఫోను సంకేత బలాన్ని కూడా చూస్తుంది. మైనస్ 60 డి.బి.ఎం. అంటే ఒక మిల్లీవాటులో పదిలక్షవ వంతు. మైనస్ 80 అంటే దానిలోనూ నూరవ వంతు. ఇంత సూక్ష్మమైన శక్తిని పట్టి అర్థం చేసుకునే యంత్రం మన చొక్కా జేబులో వుందంటే ఆశ్చర్యం కలగక మానదు.

ఇవన్నీ తెలిశాక మా నాన్నకు జవాబు చెప్పగలిగాను. పొలంలో ఫోను వైఫై కోసం వెదికే మాట నిజమే. కాని సరిగా పనిచేసే ఫోనులో ఆ ఖర్చు స్వల్పం. తెర వెలుగు, అందీ అందని టవరు సిగ్నలు దానికన్నా చాలా ఎక్కువ తింటాయి.

పిలుపు వినేవారు ఎందరో

ఇంతవరకు బ్యాటరీ సంగతి. ఇక గుట్టు సంగతి. ఫోను "ఎవరైనా వున్నారా?" అని పిలిస్తే పెద్ద చిక్కు లేదు. కాని పూర్వపు ఫోన్లు చాలా వరకు "ఫలానా లాడ్జి వైఫై వున్నావా? ఫలానా ఆస్పత్రి వైఫై వున్నావా?" అని పేరుపేరునా పిలిచేవి. రేడియో తరంగాలకు గోడలూ తలుపులూ అడ్డు కావు. ఆ పేర్లు వింటే చాలు, ఆ మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో పక్కవాడికి తెలిసిపోతుంది.

దీనికి తోడు ప్రతి ఫోనుకూ 48 బిట్ల చిరునామా ఒకటి వుంటుంది. ప్రతి పిలుపులోనూ అది బయటపడుతుంది. 2013లో లండను నగరంలో కొన్ని చెత్తబుట్టలలో యంత్రాలు అమర్చి, దారిన పోయేవారి ఫోన్ల చిరునామాలను నమోదు చేశారు. సంగతి బయటపడి అలజడి రేగడంతో నగర అధికారులు దానిని ఆపించారు. చెత్తబుట్ట మన రాకపోకలు లెక్కపెడుతుందని ఎవరనుకుంటారు!

తరువాత మార్పు వచ్చింది. 2014లో ఐ.ఓ.ఎస్. 8 నుంచి ఆపిల్ ఫోన్లు, వెదికేటప్పుడు అసలు చిరునామాకు బదులు తాత్కాలికంగా ఒక కల్పిత చిరునామా వాడడం మొదలుపెట్టాయి. ఆండ్రాయిడ్ కూడా ఆ దారి పట్టింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి రూటరుతో కలిసినప్పుడు కూడా కల్పిత చిరునామానే వాడడం మామూలు పద్ధతి అయింది. పేరుపేరునా పిలవడం కూడా బాగా తగ్గింది.

కాని ఒకచోట ఈ బెడద ఇంకా వుంది. భద్రత కోసమని కొందరు తమ రూటరు పేరును దాచిపెడతారు. అప్పుడు చాటింపులో పేరుండదు. వింటే దొరకదు కనుక ఫోను ఆ పేరు పెట్టి పిలవవలసి వస్తుంది, బస్సులోనూ బజారులోనూ కూడా. దొంగకు భయపడి ఇంటి నెంబరు చెరిపేసి, ఆ నెంబరునే వీధి వీధినా అరుస్తూ తిరిగినట్లుంటుంది ఈ వ్యవహారం.

పేరు ఒక్కటే చాలునా?

2016లో విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం వంటి రైల్వే స్టేషన్లలో ప్రయాణికులకు ఉచిత వైఫై వచ్చింది. ఒక స్టేషనులో కలిసిన ఫోను అదే పేరు మరో స్టేషనులో వినబడితే గుర్తుపడుతుంది. ఇది సౌకర్యమే. కాని తాళం లేని వైఫై విషయంలో ఫోనుకు తెలిసిన ఆనవాలు ముఖ్యంగా పేరే. అదే పేరు పెట్టుకుని ఎవడైనా తన రూటరును పక్కన పెడితే, ఫోను తేడా తెలియక దానితో కలిసిపోవచ్చు. పాస్‌వర్డు వున్న వైఫైలో ఈ మోసం అంత సులభం కాదు. ఎందుకంటే అక్కడ ఫోనే గాక రూటరు కూడా తనకు ఆ పాస్‌వర్డు తెలుసునని నిరూపించుకోవాలి.

మనం చేయవలసినది

విద్యార్థి మిత్రులకు నా విన్నపం మూడు మాటలు. ఒకటి, ఫోనులో పేరుకుపోయిన పాత వైఫై పేర్లను, ముఖ్యంగా తాళం లేనివాటిని, అప్పుడప్పుడు తీసివేయండి. రెండు, ఇంట్లో రూటరు పేరును దాచవద్దు. దాచవలసినది మంచి పాస్‌వర్డును. మూడు, కల్పిత చిరునామా వాడే ఏర్పాటు ఫోనులో వుంటే దానిని ఆపివేయవద్దు. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు, అయిదు నిమిషాలు చాలు.

మన పాఠ్యగ్రంథాలలో తరంగాలు, పౌనఃపున్యాలు, గుణశ్రేఢులు వేరువేరు అధ్యాయాలుగా వుంటాయి. పరీక్ష అయిపోగానే వాటిని మరిచిపోతాం. ఆ అధ్యాయాలన్నీ కలిసి మన జేబులోనే రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయి. వాడుకునే యంత్రం ఎలా నడుస్తుందో తెలియనివాడు దాని చెప్పుచేతలలో వుంటాడు. చదువుకున్నందుకు మనం ఆ స్థితిలో వుండకూడదు. వచ్చే ఏడాది ఈ సంచికలో మరో మిత్రుడు మరో యంత్రం మూత విప్పి చూపిస్తాడని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.