వంట నూనెలు – కొవ్వు ఆమ్లములు

నూనెగింజలు పండించు రైతులు ఆ నూనెలో గల పోషక పదార్థమును గూర్చి కూడ తెలిసికొనుట అవసరము. నూనె, నెయ్యి మొదలగువాని గుణము వానిలోని కొవ్వు ఆమ్లములనుబట్టి యుండును. ఒక గ్రాము పిండిపదార్థము 4 కాలరీల శక్తినీయగా, ఒక గ్రాము కొవ్వు 9 కాలరీల నిచ్చును.

ఈ ఆమ్లములు ముఖ్యముగా రెండు తెగలు. నెయ్యి, కొబ్బరినూనెలలో సంతృప్త ఆమ్లములు హెచ్చు. ఇవి మితిమీరినచో రక్తములో కొలెస్టెరాల్ పెరిగి గుండెజబ్బునకు దారితీయవచ్చును. వేరుశనగ, నువ్వులు, కుసుమ, తవుడు నూనెలలో అసంతృప్త ఆమ్లములు హెచ్చు.

అసంతృప్త ఆమ్లములలో లినోలెయిక్, ఆల్ఫా లినోలెనిక్ అను రెంటిని మన శరీరము తయారుచేసికొనజాలదు. అవి ఆహారమునుండియే రావలెను. 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకు కొవ్వులేని మేత పెట్టగా, వాని ఎదుగుదల కుంటుపడి, చర్మము పొలుసులు కట్టెను. లినోలెయిక్ ఆమ్లము కుసుమ, నువ్వుల నూనెలలో పుష్కలము. రెండవది వేరుశనగ నూనెలో ఇంచుమించు లేదు. అవిసె నూనెలో సుమారు సగము.

నూనెను హైడ్రోజనుతో కొంతమేర గడ్డకట్టించునపుడు పుట్టు ట్రాన్స్ కొవ్వులు మరింత హానికరము. 2022 జనవరి నుండి మన దేశమున నూనెలలో, కొవ్వులలో ఇవి 2 శాతము మించరాదని నియమము గలదు.

పాటింపవలసిన విషయములు:

1. ఏడాది పొడవున ఒకే నూనె వాడక, నూనెలు మార్చుచుండవలెను.

2. వేయించిన అవిసె గింజల పొడిని అన్నములో కలుపుకొనవలెను. చేపలు తినువారికి అవియు మంచివి.

3. కాగిన నూనెను మరల మరల కాచరాదు.

గ్రామోద్యోగులు బడిలో భోజనము వండువారికి ఈ సంగతులు తెలుపుట మేలు.