కోర్టు నకలు కావాలంటే కథ చెప్పకండి, నంబరు చెప్పండి

ప్లీడరు గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ నా బల్ల దగ్గరకు వచ్చిన చాలామంది నోట ఒకటే మాట వినేవాణ్ణి: "అప్పటి గొడవ కేసు కాగితాలు కావాలండీ." ఏ స్టేషను, ఏ ఏడు, ఏ కోర్టు అని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు. గొడవ ఎలా మొదలైందో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లు. కోర్టు ఆఫీసులో ఆ కథ ఎవరికీ అక్కర్లేదు. నంబరు పట్టుకోవాలి, ఫైలు ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోవాలి, అక్కడే అడగాలి. మన రెండు రాష్ట్రాల క్రిమినల్ కోర్టుల చుట్టూ తిరిగి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లకూ, ప్లీడరు లేకుండా సొంతంగా తిరిగే కక్షిదారులకూ పనికొస్తాయి.

1. ఒక్క కేసుకు నాలుగు నంబర్లు ఉండొచ్చు.

స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. కట్టగానే పడేది క్రైం నంబరు. ఛార్జిషీటు వచ్చి, మేజిస్ట్రేటు దాన్ని ఫైలు మీదకు తీసుకున్నాక సి.సి. నంబరు పడుతుంది. సి.సి. అంటే క్యాలెండర్ కేసు. హత్య లాంటి, సెషన్స్ కోర్టే విచారించాల్సిన నేరమైతే మేజిస్ట్రేటు దగ్గర ముందు పి.ఆర్.సి. నంబరు పడుతుంది, కమిట్ అయ్యాక సెషన్స్‌లో ఎస్.సి. నంబరు వస్తుంది. అప్పీలుకు వెళితే దాని నంబరు మళ్లీ వేరు. ప్రతి నంబరు పక్కనా ఏడు ఉంటుంది, అది కూడా మారుతుంది. డిసెంబరులో ఎఫ్.ఐ.ఆర్. అయిన కేసుకు సి.సి. నంబరు మరుసటి ఏడాదిదో, ఆ పై ఏడాదిదో అవుతుంది. ఎఫ్.ఐ.ఆర్. ఏడు పెట్టి సి.సి. కోసం వెతికితే దొరకదు.

విడగొట్టిన కేసులతో ఇంకో తంటా. అయిదుగురు ముద్దాయిల్లో ఒకడు వాయిదాలకు రాకుండా పోతే, కోర్టు మిగతా నలుగురినీ ఆపదు. రానివాడి మీద కేసు విడగొట్టి కొత్త నంబరు ఇస్తుంది. వాడు ఎంతకీ చిక్కకపోతే అది ఎల్.పి.సి. రిజిస్టరుకు, అంటే ఏళ్ల తరబడి తేలని కేసుల పట్టీలోకి పోతుంది. ఆ నలుగురి మీదా కేసు కొట్టేశారని ఊళ్లో విని, తనదీ పోయిందనుకుని నిశ్చింతగా ఉన్నవాడికి ఎప్పుడో ఒకనాడు వారంటు వస్తుంది. పాత నంబరు మీద తీర్పు నకలు తెచ్చి చూపించినా లాభం లేదు. అందులో అతని గురించి ఉండేది కేసు విడగొట్టామన్న ఒక్క ముక్కే. అలాంటివాడు వెతకాల్సింది కొత్త నంబరు.

చెక్ బౌన్స్ కేసులకు మామూలుగా ఎఫ్.ఐ.ఆర్. ఉండదు. ఫిర్యాదీ నేరుగా మేజిస్ట్రేటు దగ్గరే వేస్తాడు. వాటిని క్రైం నంబరుతో వెతకడం వృథా, ఫిర్యాదీ పేరుతో వెతకండి.

2. పేరు ఎంత తక్కువ కొడితే అంత మంచిది.

ఇప్పుడు ఈకోర్ట్స్ వెబ్‌సైటు, ఫోన్లో యాప్ ఉన్నాయి. కేసు నంబరు, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, పార్టీ పేరు, వకీలు పేరు, దేనితోనైనా వెతకొచ్చు. మన పేర్లు ఇంగ్లీషులో ఎక్కేసరికే వస్తుంది చిక్కంతా. వెంకటేశ్వర్లు అన్న పేరును ఒక రైటరు ఒకలా రాస్తే ఇంకొకరు మరోలా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటే ఇంకోచోట వెనక ఉంటుంది, మరోచోట పొడి అక్షరమే మిగులుతుంది. 'అలియాస్ చిన్నోడు' అని ఊళ్లో పిలిచే పేరూ ఎక్కుతుంది. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. 'వెంక' దాకా ఇంగ్లీషులో కొట్టి, వచ్చిన వరసలో చూసుకోండి. కనీసం మూడక్షరాలుంటే అది వెతుకుతుంది. ముగిసిన కేసు కోసమైతే 'డిస్పోజ్డ్' అన్న గడిని ఎంచుకోవాలి, చాలామంది పెండింగ్ దగ్గరే ఆగిపోయి లేదనుకుంటారు. కేసు దొరికితే పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు కనబడుతుంది. ముందు దాన్ని కాగితం మీద రాసుకోండి.

సైటులో కనబడనంత మాత్రాన కేసు లేదని కాదు. పాతవి అన్నీ అందులోకి ఎక్కలేదు. అప్పుడు కోర్టులో రిజిస్టరే శరణ్యం.

3. ఆనాటి కోర్టు ఏదో తెలుసుకోండి.

తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. 2019 జనవరి 1న హైకోర్టే రెండైంది. 2022 జూన్‌లో తెలంగాణలో కొత్త జిల్లా కోర్టులు వచ్చాయి. 2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాక మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు అన్న హోదా చట్టంలోనే లేకుండా పోయింది. ఇన్ని మార్పుల్లో మీ కేసు ఏ మెట్టు ఎక్కిందో బోర్డులు చూసి చెప్పలేం. సంబంధిత స్టేషన్లో కోర్టు డ్యూటీ కానిస్టేబుల్‌ను అడగండి. ఫలానా ఏడులో తమ స్టేషను కేసులు ఏ కోర్టుకు వెళ్లేవో అతనికి నోటికొచ్చి ఉంటుంది. నా అనుభవంలో అతణ్ణి మించిన డైరెక్టరీ లేదు.

4. ఎఫ్.ఐ.ఆర్. కోసం బతిమాలక్కర్లేదు.

ఫిర్యాదు ఇచ్చినవారికి నకలు ఉచితంగా ఇవ్వాలని పాత చట్టమే చెప్పింది, కొత్త చట్టం బాధితుల్నీ చేర్చింది. 2016లో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని ఆదేశించింది, దారీతెన్నూ లేని చోట్ల 72 గంటల దాకా గడువిచ్చింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటివి మాత్రం పెట్టరు. ముద్దాయి కూడా స్టేషన్లో అర్జీ ఇచ్చి తీసుకోవచ్చు.

5. మీరెవరో ముందు తేల్చుకోండి.

ముద్దాయికి ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు కోర్టే ఉచితంగా ఇవ్వాలి. కొత్త చట్టం ప్రకారం ముద్దాయి హాజరైన 14 రోజుల్లోపు ఇవ్వాలి. వకీలును పెట్టుకున్న బాధితులకూ ఇస్తారు. జైలుశిక్ష పడితే తీర్పు నకలు అక్కడికక్కడే, రూపాయి తీసుకోకుండా ఇవ్వాలి. ఇవి అడిగి తీసుకోవాల్సిన దానాలు కావు. సిగ్గుపడి ఊరుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వచ్చేది.

కేసుతో సంబంధం లేని మూడో మనిషైతే వేరే దారి. పెళ్లి సంబంధం కోసమో, పొలం కొనబోతూనో అడిగేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పి పిటిషన్ వేయాలి, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. "ఊరికే తెలుసుకుందామని" అని మాత్రం రాయకండి. బాల నేరస్తుల కేసులు, లైంగిక దాడి బాధితుల వివరాలు అడగనే అడగొద్దు. బయటపెడితే అదే నేరం.

6. కాపీ అప్లికేషన్‌లో 'అన్ని కాగితాలూ' అని రాయొద్దు.

తీర్పు, ఛార్జిషీటు, ఫలానా సాక్షి వాంగ్మూలం, ఫలానా తేదీ డాకెట్ ఆర్డరు, ఇలా విడివిడిగా రాయండి. కేసు నంబరు, ముగిసిన తేదీ, ముద్దాయి పేరు తప్పులు లేకుండా ఉండాలి. అర్జీ వేశాక ఊరెళ్లిపోకండి. ఎన్ని పేజీలో లెక్కగట్టి స్టాంపులు కోరుతూ నోటీసు బోర్డు మీద పెడతారు. ఆ గడువులో కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు.

నకలు చేతికొచ్చాక ముందు దాని మీది తేదీల వరస చూడండి: అర్జీ వేసింది, స్టాంపులు కోరింది, కట్టింది, నకలు సిద్ధమైంది. శిక్ష మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 60. నకలు తయారీకి పట్టిన రోజులు ఆ గడువులోంచి మినహాయిస్తారు, ఆ లెక్కకు ఆధారం ఈ తేదీలే. స్టాంపులు కోరాక మీరు కాలయాపన చేసిన రోజులకు మాత్రం మినహాయింపు లేదు.

7. సమాచార హక్కు ఇక్కడ పనిచేయదు.

కోర్టు ఫైల్లోని కాగితాలకు కోర్టు నియమాల ప్రకారమే అర్జీ వేయాలని గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది.

8. ఫైలు ఒకచోట ఉండదు.

అప్పీలు పడితే కింది కోర్టు రికార్డు పై కోర్టుకు పిలిపిస్తారు. తీర్పు ఇచ్చిన కోర్టులో నకలు అడిగి, "రికార్డు పైకి వెళ్లింది" అనిపించుకుని నిరాశపడేవాళ్లున్నారు. పై కోర్టులో అడిగితే సరిపోతుంది. కేసు ముగిసి కొన్నాళ్లయితే కట్ట రికార్డు రూముకు చేరుతుంది. ఇంకా పాతబడితే నిబంధనల ప్రకారం కొన్ని భాగాలు తగలబెడతారు, అందుకు 1917 నాటి చట్టమే ఉంది. అప్పుడు "లేదు పొమ్మన్నారు" అని తిరిగి రాకండి. రికార్డు లేదన్న సంగతి మీ అర్జీ మీద రాయించుకుని, ముద్ర వేయించుకోండి. చాలాచోట్ల ఆ ముక్కే నకలంత పనిచేస్తుంది.

9. అమెరికా వెళ్లే పిల్లలకు ప్రింటవుట్లు చాలవు.

ఈమధ్య నా దగ్గరకు వచ్చేవాళ్లలో వీళ్లే ఎక్కువ. కాలేజీ రోజుల కొట్లాట కేసు, లేదంటే భార్యాభర్తల 498ఎ కేసు. వీసా దరఖాస్తులో అరెస్టయ్యారా అని అడుగుతారు, కేసు కొట్టేసినా ఆ ప్రశ్నకు జవాబు మారదు. ఈకోర్ట్స్ కాగితం వివరం కోసమే, వాళ్లకు కావాల్సింది ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ. రాజీ పడిన కేసైతే ఆ ఆర్డరు నకలు తప్పక తీసుకోండి, చట్టప్రకారం రాజీకి నిర్దోషి అని విడుదల చేసినంత ఫలితం. 498ఎను కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 సవరణతోనే వచ్చింది. తీర్పు తెలుగులో ఉంటే అనువాదం కూడా జత చేయండి. కేసు ఇంకా నడుస్తుంటే పాస్‌పోర్టుకే అడ్డం పడుతుంది, 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకోవాలి. రెండు నకళ్లకు ఒకేసారి అర్జీ వేయండి. ఒకటి పిల్లాడికి, ఒకటి ఇంట్లో బీరువాలోకి.

10. స్తోమత లేనివాళ్లు దళారిని పట్టుకోవద్దు.

ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. దూరాన ఉన్నవాళ్లు 15100కు ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు క్రైం నంబరు, స్టేషను పేరు, ఏడు రాసిన చీటీ తీసుకెళ్లండి.