మన శరదృతువు ఎక్కడుంది? (ఇంటింటి పాఠం)

 

పండుగ సంచికలో పూజావిధానాలు, ప్రసాదాల కొలతలు ఎలాగూ ఉంటాయి కాబట్టి నేను వేరే పాఠం రాస్తున్నాను. ఇది చిన్నపిల్లల పాఠమే. కానీ ముందుగా నేర్చుకోవలసి వచ్చింది మాత్రం నేనే.

పోయిన ఏడాది దసరాకు వారం ముందు, రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూలు నుంచి చార్టు పని తెచ్చుకుంది. అంశం ‘ఆటమ్’. పుస్తకంలో బొమ్మ చూసి ఎర్రవి, పసుపుపచ్చవి కాగితపు ఆకులు కత్తిరించి అంటించాం. పని అయ్యాక అది కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. మా వీధిలో ఖర్జూరం చెట్లు, వేపచెట్టు ఎప్పటిలాగే పచ్చగా ఉన్నాయి. ఒక్క ఆకూ రాలలేదు. సాయంత్రం నాలుగింటికి కూడా ఎండ చుర్రుమంటోంది.

“అమ్మా, మనకి ఆటమ్ రాదా?” అంది.

“మనకు శరదృతువు ఉంది తల్లీ. దసరా, దీపావళి అందులోనే వస్తాయి” అన్నాను.

“అది ఇండియాలో కదా! ఇక్కడ ఉత్త పూజే” అని చార్టు చుట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ‘ఉత్త పూజే’ అన్న మాట రెండు రోజులు నన్ను వదలలేదు. ఏటా సామాన్లు తెచ్చి, పిండివంటలు చేసి, కొత్త బట్టలు వేసి, పండుగ చేస్తున్నామనే అనుకుంటున్నాను. పిల్లకు మాత్రం అది ఎక్కడో ఉన్న ఊరి పండుగ. ఇక్కడి నేలకూ, గాలికీ సంబంధం లేనిది. పదేళ్ళు పోయాక ఆ ఉత్త పూజ కూడా దానికి అక్కర్లేదనిపిస్తే నేనేం చెప్పగలను?

శుక్రవారం ఫోనులో అమ్మతో ఈ మాట చెప్పాను. అమ్మ నవ్వి, “శరత్తును చెట్టు మీద వెతుకుతారటే? ఆకాశంలో చూడాలి. వానలు వెనకపట్టి మబ్బు విడిపోవడమే శరత్తు. మీకు అక్కడ మబ్బే ఉండదాయె, ఇంకేం కావాలి?” అంది. ఆ మాట పట్టుకుని మేం నేర్చుకున్నదే ఈ పాఠం.

1. మన నెల, వాళ్ళ నెల

మనకు ఋతువులు ఆరు. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో దాన్ని బట్టి నెలకు పేరు. అశ్వినితో ఆశ్వయుజం, కృత్తికతో కార్తీకం. అంటే మన నెలల పేర్లు నేల మీద పుట్టినవి కావు, ఆకాశంలో పుట్టినవి. ఆ ఆకాశం అల్ ఖోర్‌లోనూ అదే.

ఇక్కడివారిది కూడా చాంద్రమానమే. పన్నెండు చంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. మనం ఆ తేడా పేరుకోకుండా సుమారు 32, 33 నెలలకు ఒకసారి అధికమాసం కలుపుతాం. 2022లో దీపావళి అక్టోబరు 24న వచ్చింది. 2023లో అధిక శ్రావణం రావడంతో దీపావళి నవంబరు 12కు వెళ్ళింది. ఎంత జరిగినా శరత్తు దాటి పోదు.

హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు. అందుకే రంజాన్ సుమారు 33 ఏళ్ళలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. మరి చేపలకు వెళ్ళేవాడికీ, ఖర్జూరం తోట ఉన్నవాడికీ, ఒంటెలు కాచేవాడికీ కాలం మారిందని ఎలా తెలియాలి? దానికి వాళ్ళు ఒక నక్షత్రాన్ని పెట్టుకున్నారు.

2. సుహైల్ అంటే మన అగస్త్యుడే

ఆ నక్షత్రం పేరు సుహైల్. గల్ఫ్ దేశాల లెక్కలో ఆగస్టు 24 సుహైల్ ఉదయం. వేసవి అంతా కనిపించకుండా పోయిన ఈ చుక్క తెల్లవారుజామున దక్షిణాన మళ్ళీ కనిపిస్తే, ఎండల నడుము విరిగిందని అర్థం. పగటి వేడి వెంటనే తగ్గదు కానీ రాత్రులు మెల్లగా చల్లబడతాయి. పాతకాలంలో సుహైల్ ఉదయించిన రోజు నుంచి పదేసి రోజుల చొప్పున ఏడాదంతా లెక్కపెట్టేవారు. ఆ లెక్కను ‘దురూర్’ అంటారు.

అల్ ఖోర్ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. పూర్వం ఇది ముత్యాల ఊరు. వేసవి మొదట్లో పడవలెక్కి వెళ్ళిన మగవాళ్ళు నెలల తరబడి సముద్రం మీదే ఉండి, సెప్టెంబరు చివర ఇళ్ళకు తిరిగి వచ్చేవారు. సుహైల్ కనిపించిందంటే నాన్న వచ్చే రోజు దగ్గర పడిందన్నమాట. నాన్నలు రాస్ లఫాన్ షిఫ్టులకు వెళ్ళి వచ్చే మన ఇళ్ళలో పిల్లలకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ సుహైల్‌నే మనవాళ్ళు అగస్త్య నక్షత్రం అన్నారు. ఇంగ్లీషులో కనోపస్. మన దగ్గరా ఇది వానలు తగ్గే వేళకే ఉదయిస్తుంది. భాద్రపదంలో అగస్త్యుడికి అర్ఘ్యం ఇచ్చే ఆచారం ఉంది. అగస్త్యుడు ఉదయిస్తే బురదనీళ్ళు తేటపడతాయని మన పెద్దల నమ్మకం. కాళిదాసు కూడా రఘువంశంలో శరత్తును వర్ణించేటప్పుడు ఈ సంగతి చెప్పాడు. ఇక్కడివారికి వేడి తగ్గే గుర్తు, మనకు నీళ్ళు తేటపడే గుర్తు. చుక్క మాత్రం ఒక్కటే.

అగస్త్యుడి కథలు పిల్లలకు కొత్తేమీ కాదు. కుండలో పుట్టాడు. పెరిగిపోతున్న వింధ్య పర్వతాన్ని వంచి దక్షిణానికి వచ్చాడు. రాక్షసులు సముద్రంలో దాక్కుంటే సముద్రాన్నే తాగేశాడు. వాతాపిని అరిగించుకున్నాడు. పసిపిల్లలకు పాలు పట్టి పొట్ట నిమిరేటప్పుడు మనం వాతాపి పేరు తలుచుకునేది ఆయన వల్లే. రావణుడితో యుద్ధంలో అలసిన రాముడికి ఆదిత్యహృదయం ఉపదేశించినదీ ఆయనే. కాబట్టి విజయదశమి నాడు పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ లేదు.

3. థురయా అంటే మన కృత్తికలు

మన ఊరి పార్కులోని పాండాల ఇంటికి పిల్లల్ని తీసుకువెళ్ళని వారుండరు. చైనా నుంచి 2022 అక్టోబరు 19న, అంటే ఆ ఏడు దీపావళికి అయిదు రోజుల ముందు, రెండు పాండాలు ఖతార్ వచ్చాయి. మధ్యప్రాచ్యానికి వచ్చిన మొదటి పాండాలు అవే. మగదానికి సుహైల్ అనీ, ఆడదానికి థురయా అనీ పేర్లు పెట్టారు.

సుహైల్ ఎవరో తెలిసింది కదా! థురయా అంటే కృత్తికా నక్షత్రం. మన ఊళ్ళలో పిల్లలకోడి అంటారే, ఆ చుక్కల గుంపు. అరబ్బీలో గుత్తులుగా వేలాడే దీపాల షాండిలియర్‌ను కూడా థురయా అనే అంటారు. కార్తీకమాసానికి పేరిచ్చిన నక్షత్రానికి ఇక్కడ దీపాల గుత్తి అని పేరుండటం విని మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులే ఈ కృత్తికలు. అందుకే ఆయన కార్తికేయుడు. కన్నతల్లికి దూరంగా పెరిగిన బిడ్డకు కూడా తల్లులు కరువు కాలేదన్నమాట. అమ్మమ్మలూ నాయనమ్మలూ దగ్గర లేక, పక్కింటి ఆంటీలే పెద్ద దిక్కుగా పెరుగుతున్న మన పిల్లలకు ఈ కథ బాగా అర్థమవుతుంది.

4. నరకచతుర్దశి తెల్లవారుజామున

ఇంతవరకూ మాటలే. పిల్లకు కంటితో చూపించాలి కదా!

ఆ ఏడు నరకచతుర్దశి నాడు మా వారికి పగటి షిఫ్టు. ఆయన బస్సు తెల్లవారకముందే. ఏటా ఆయన వెళ్ళిపోయాక నేను పిల్లల్ని లేపి తలంట్లు పోసేదాన్ని. ఈసారి నాలుగు గంటలకే అందరం లేచాం. మూడేళ్ళ మా చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. తలకు నూనె పెట్టి, ఆరకముందే తువ్వాళ్ళు చుట్టి, నలుగురం మేడ మీదికి వెళ్ళాం. గాలి చల్లగా ఉంది. కింద కార్ల అద్దాల నిండా మంచు పట్టి ఉంది.

ఉత్తరాన రాస్ లఫాన్ వెలుగు. దక్షిణాన దోహా దీపాల వెలుగు. ఆ వెలుగుకు పైన, ఒంటరిగా, పెద్ద చుక్క. ఆయన పిల్లను ఎత్తుకుని చేయి చాపించి పిడికిలి పట్టమన్నారు. పిడికిలి కింది అంచు నేలకు ఆనిస్తే, పై అంచు దగ్గర చుక్క ఉంది.

“అదే అగస్త్యుడు. అమ్మమ్మ ఊళ్ళో ఆయన రెండు పిడికిళ్ళ ఎత్తుకు వస్తాడు. మనం ఉత్తరానికి వచ్చాం కదా, అందుకని ఇక్కడ ఒక్క పిడికిలే” అన్నారు.

“న్యూజెర్సీలో బాబాయి వాళ్ళకో?”

“వాళ్ళు ఇంకా చాలా ఉత్తరాన ఉన్నారు. వాళ్ళకు అసలు కనిపించడు.”

అది కాసేపు ఆలోచించింది. “అయితే వాళ్ళకి ఆకులు, మనకి అగస్త్యుడు” అంది.

బస్సు హారను వినబడింది. ఆయన తల తుడుచుకుంటూనే పరుగెత్తారు. ఆ రోజు టపాసులు లేవు, సెలవు లేదు, స్కూలు ఉంది. అయినా సాయంత్రం దీపాలు పెట్టేటప్పుడు పిల్ల ఒక ప్రమిదను దక్షిణం వైపు గోడ మీద వేరుగా పెట్టింది. ఎవరికని నేను అడగలేదు.

5. మీ ఇంట్లో చేయవలసినవి

• నరకచతుర్దశికే ఆగనక్కర్లేదు. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారం వరకు ఏ శుక్రవారమైనా తెల్లవారుజామున నాలుగింటికి దక్షిణం వైపు చూడండి. ముందు ఆకాశంలో అన్నిటికంటే పెద్దగా మెరిసే చుక్కను పట్టుకోండి. అది లుబ్ధకం, ఇంగ్లీషులో సిరియస్. దానికి బాగా దిగువన కనిపించే రెండో పెద్ద చుక్క అగస్త్యుడు.

• తెల్లవారుజామున లేవలేని చిన్నపిల్లలకు కృత్తికలు చూపించండి. అక్టోబరు చివరి వారం నుంచి రాత్రి ఎనిమిదింటికి తూర్పున చిన్న గుత్తిలా కనిపిస్తాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. చాలామందికి ఆరు కనిపిస్తాయి.

• కార్తీక పున్నమి నాడు దీపాలు వెలిగించే ముందు చంద్రుణ్ణి చూపించి, కృత్తికలు ఆ చుట్టుపక్కలే ఉంటాయని చెప్పండి. వెన్నెలకు అవి సరిగా కనిపించవు. అంతకు నాలుగు రోజుల ముందే చూసి పెట్టుకుంటే చోటు గుర్తుంటుంది.

• దసరాకు బొమ్మల కొలువు పెట్టేవారు ఒక మెట్టు ఈ ఊరికి ఇవ్వండి. మా కొలువులో సముద్రపు ఒడ్డున ఏరిన గవ్వలు, ఒక చిన్న పడవ, రెండు పాండా బొమ్మలు ఉంటాయి. బతుకమ్మ పేర్చేవారికి తంగేడు ఇక్కడ దొరకదు కానీ, కాగితం పూలు ప్రతి గోడ మీదా ఉన్నాయి. పిల్లలచేతే కోయించండి.

• ఒక శనివారం సాయంత్రం థకీరా మడచెట్ల వైపు తీసుకువెళ్ళండి. నీరు వెనక్కి తీసి ఉన్న సమయమైతే, “అగస్త్యుడు తాగేశాడు” అని చెప్పండి. మా చిన్నవాడు ఇప్పటికీ నమ్ముతున్నాడు. మన కాకినాడ దగ్గర కోరింగలో ఉన్నవీ మడచెట్లే అని పెద్దపిల్లలకు చెప్పండి.

6. పిల్లలకు ప్రశ్నలు

1. కార్తీకమాసానికి ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. రంజాన్ అన్ని కాలాల్లోనూ ఎందుకు వస్తుంది? దీపావళి ఎండాకాలంలో ఎందుకు రాదు?
3. అమ్మమ్మ ఊళ్ళో అగస్త్యుడు ఎత్తుగా, అల్ ఖోర్‌లో కిందుగా ఎందుకు కనిపిస్తాడు?
4. మన పార్కులోని పాండాల పేర్లకు తెలుగు పేర్లు చెప్పండి.

జవాబులన్నీ పైన పాఠంలోనే ఉన్నాయి. పెద్దలు అందించకుండా పిల్లలచేతే చెప్పించండి.

చివరగా ఒక మాట. స్కూల్లో ఎర్రటి ఆకులు అంటించడం తప్పని నేను అనడం లేదు. అదీ నేర్చుకోవాలి. ఈ ఏడు కూడా మా అమ్మాయి అవే ఆకులు అంటించింది. కాకపోతే చార్టు కింది భాగంలో నల్లకాగితం పెట్టి, దాని మీద ఒక పెద్ద తెల్లచుక్క, పక్కన ఆరు చిన్న చుక్కలు వేసింది. టీచరు ఇదేమిటని అడిగితే తనే నిలబడి క్లాసుకు చెప్పిందట. క్లాసులో ఉన్న ఒక ఖతారీ అమ్మాయి, “సుహైల్ మాకూ తెలుసు, మా తాతయ్య చూపించాడు” అందట. ఆ సాయంత్రం నుంచి వాళ్ళిద్దరూ స్నేహితులు.

ఈ చుక్కలను చూసిన పిల్లలందరిచేతా ఒక బొమ్మ వేయించి, కార్తీకమాసంలో మనం కలిసినప్పుడు తీసుకురండి. అన్నీ ఒకేచోట గోడకు పెడదాం.

శుభం.