పూర్వికుని జాడ తీయుట

విద్యార్థులారా! చరిత్ర యనగా రాజుల యుద్ధములు మాత్రమే కాదు. మన ముత్తాత ఏ ఊరివాడు, ఏ పని చేసి బ్రతికెను, ఎందువలన ఊరు విడిచెను అని విచారించుటయు చరిత్రయే. ఈ విద్య నేర్చుటకు మన పొరుగుననే చక్కని ఉదాహరణము కలదు.

మన ఏఎస్ రావు నగరునకు పడమట కొలది దూరమున తిరుమలగిరి దండుప్రదేశమున్నది. నిజాము సికందర్ జా పేర 1806లో సికిందరాబాదు వెలసిన పిదప ఈ ప్రాంతమునకు తెల్లసిపాయిలు వచ్చిరి. వారిలో ఐర్లండువారు అనేకులు. 19వ శతాబ్దపు నడుమ ఈస్టిండియా కంపెనీవారి ఐరోపా సిపాయిలలో ఇంచుమించు సగము మంది ఆ దేశమువారే. పేదరికమే వారిని ఇల్లు విడిపించెను. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకగా, 1852 వరకు సాగిన కరవులో అచట సుమారు పదిలక్షలమంది మరణించిరి. మరి పదిలక్షలమంది దేశాంతరము పోయిరి. మన దేశమునకు వచ్చిన సిపాయిలలో కొందరు ఇచటనే పెండ్లియాడి నిలిచిపోయిరి. ఇచటి ఆంగ్లో ఇండియను కుటుంబములలో కొన్నింటికి మూలపురుషులు ఇట్టివారే.

ఇట్టి పూర్వికుని వెదకు విధమెట్లు? తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెననునది మొదటి సూత్రము. ఇంటిలోని పాతపెట్టెను ముందు తెరువవలెను. జ్ఞానస్నానపు పత్రము, వివాహపత్రము, పింఛను కాగితము, కుటుంబ బైబిలు తొలిపుటలో వ్రాసిన జననమరణములు, సమాధిరాతిపై చెక్కిన అక్షరములు, ఇవి సాక్షులు. తండ్రి పత్రమున తాత పేరుండును. తాత పత్రమున ముత్తాత పేరుండును. మెట్టు వెంబడి మెట్టు దిగవలెనే గాని దూకరాదు.

తరువాత దేవాలయపు రిజిస్టరును చూడవలెను. సికిందరాబాదులోని సెయింట్ జాన్సు దేవాలయము 1813 నాటిది. జ్ఞానస్నానపు పద్దులో బిడ్డ పేరు, దినము, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి ఉద్యోగము వ్రాయుదురు. తండ్రి సిపాయియైనచో అతని పటాలము సైతము తెలియవచ్చును. ఇట్టి పద్దుల నకళ్లు మద్రాసు రాజధాని సంపుటములలో చేరి లండనునకు పోయినవి. నేడు బ్రిటిషు లైబ్రరీలో భద్రముగా నున్నవి. పటాలము తెలిసినచో సైన్యపు చేర్పుపట్టీలయందు అతని వయస్సును, పుట్టినచోటును, పూర్వపు వృత్తిని వెదకవచ్చును.

ఇచట నొక హెచ్చరిక. మనలో లక్ష్మి యను పేరెట్టిదో, ఐర్లండులో ప్యాట్రిక్ అను పేరును, మర్ఫీ, కెల్లీ యను ఇంటిపేర్లును అట్టివి. పేరు కలిసినంతమాత్రమున మనిషి కలిసినట్లు కాదు. వయస్సు, పటాలము, భార్య పేరు, వీనిలో మరి రెండైనను సరిపోవలెను.

ఐర్లండులో వెదకువారికి వేరొక కష్టము కలదు. 1922 జూను 30న డబ్లిను నగరపు ప్రభుత్వ దస్తావేజుల భవనము అంతర్యుద్ధములో కాలిపోయెను. 1821 మొదలు 1851 వరకు జరిగిన జనాభా లెక్కల పత్రములు చాలవరకు అందులో బూడిదయ్యెను. కాబట్టి స్వదేశమున చెరిగిపోయిన పేరు ఒక్కొక్కప్పుడు మన సికిందరాబాదు పద్దులో మిగిలియుండును.

ఇక ముఖ్యవిషయము. ఆ పాతపద్దులలో తండ్రి పేరు, హోదా, పటాలము స్పష్టముగా నుండును. తల్లి ఈ దేశపు స్త్రీయైనచో, తరచుగా ఆమె జ్ఞానస్నానపు పేరు మాత్రమే యుండును. కొన్నింట అదియు నుండదు. ఆమె ఏ ఊరి ఆడబిడ్డ? ఆమె తల్లి ఎవరు? పద్దు పలుకదు. సముద్రముల కావలనున్న తాత ఊరు దొరకును గాని, బండిలో పోదగిన దూరమునందలి అవ్వ ఊరు దొరకదు. ఇది అగ్ని చేసిన నష్టము కాదు. వ్రాయనక్కరలేదని తలచినవారు చేసిన నష్టము.

మన యిండ్లలో ఇట్టి నష్టము జరుగుట లేదా? 1967లో ఈసీఐఎల్ స్థాపింపబడిన పిదప, పలు జిల్లాలనుండి కుటుంబములు ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడినవి. తాతగారి ఊరు చెప్పగల బాలురు మనలో పలువురు. నాయనమ్మగారి పుట్టినింటి పేరు చెప్పగలవారెందరు?

కావున ఈ సెలవులలో మీరొక పని చేయవలెను. ఇంటి పెద్దల చెంత కూర్చుండి, అవ్వలిద్దరి పేర్లు, పుట్టినిల్లు, ఊరు, చేసిన పని అడిగి వ్రాసికొనుడు. ఎవరు చెప్పిరో, ఏ దినమున చెప్పిరో క్రింద వ్రాయుడు. అట్లు వ్రాయనిది సాక్ష్యము కానేరదు. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: ఇల్లు మారునపుడు పాతకాగితములను తూకమునకు అమ్మవలదు. వానిలో ఒక అవ్వ పేరు ఉండవచ్చును.