సీరియల్ నంబర్లు వేరైతే స్టీరియో చెడుతుందా?

ప్రశ్న: పేరున్న కంపెనీ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నాను. అమ్మే ఆయన దగ్గర ఒకే మోడల్‌వి రెండున్నాయి, కానీ విడివిడిగా కొన్నవి. సీరియల్ నంబర్ల మధ్య చాలా తేడా ఉంది. అందుకని ధర బాగా తగ్గిస్తానంటున్నారు. మ్యాచ్‌డ్ పెయిర్ కాకపోతే ముట్టుకోవద్దని ఒక మిత్రుడు, అదంతా అమ్మకాల మాటని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సీరియల్ నంబర్లు చూసి భయపడకండి. రెండు పెట్టెలూ ఒకేలా పలుకుతున్నాయో లేదో చూడండి. ఈ రెంటినీ ఒకటే అనుకోబట్టే మీ మిత్రుల వాదన తెగడం లేదు. స్టీరియోలో గాయకుడి గొంతు రెండు స్పీకర్ల నడుమ, ఏ పెట్టే లేని చోట వినిపిస్తుంది. ఎడమ, కుడి స్పీకర్లు ఒకే సిగ్నల్‌ని ఒకే క్షణంలో, ఒకే స్థాయిలో పలికితేనే మెదడు వాటిని కలిపి మధ్యలో ఒక మనిషిని నిలబెడుతుంది. ఇ.ఎం.ఐ. ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియోకు పేటెంటు కోరిన నాటి నుంచీ ఈ పద్ధతి ఆ సమానత్వాన్నే నమ్ముకుంది. ఒక స్పీకరు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒక డెసిబెల్ ఎక్కువ పలికితే గొంతు అటుగా కాస్త జరుగుతుంది. బ్యాలెన్స్ నాబ్ తిప్పితే సర్దుకుంటుంది, పెద్ద నష్టం లేదు. చిక్కంతా ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో తేడా ఉన్నప్పుడే. ఒక స్పీకరు 3000 హెర్ట్జ్ పైన రెండు డెసిబెల్స్ పెరిగి, కింద సమానంగా ఉందనుకోండి. అచ్చులు మధ్యలోనే ఉంటాయి, శ, ష, సలు పక్కకు లాగుతాయి. గొంతు ఒకచోట నిలవక వెడల్పుగా పరుచుకుంటుంది. దీన్ని ఏ నాబూ సరిచేయలేదు. పాత పాటలు వినేవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. ఘంటసాల కాలపు సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో రికార్డింగులే కాబట్టి గొంతూ వాద్యాలూ అన్నీ మధ్యలోనే కూడాలి. స్టీరియో ఆర్కెస్ట్రా హోరులో దాగిపోయే లోపం అక్కడ దొరికిపోతుంది.

అలాగని జతగా పుట్టిన పెట్టెలే కావాలా అంటే, అక్కర్లేదు. స్టూడియో మానిటర్లు చేసే ఫిన్లాండ్ సంస్థ జెనెలెక్ ఒక్కో స్పీకరును విడిగా కూడా అమ్ముతుంది. ప్రతిదాన్నీ ఫ్యాక్టరీలో ఒకే ప్రమాణానికి సరిచేసి పంపుతారు కనుక ఒకే మోడల్‌వి ఏ రెండు కలిపినా జతే. సరిపోవలసింది ఆ ప్రమాణానికి, పక్క నంబరుకు కాదు. మోడల్ పేరు ఒకటైనంత మాత్రాన ప్రమాణం ఒకటని కూడా అనుకోవద్దు. బీబీసీ 1970ల్లో రూపొందించిన ఎల్ఎస్ 3/5ఎ ఇందుకు మంచి ఉదాహరణ. రోజర్స్, స్పెండార్, హార్బెత్ వంటి కంపెనీలు దాన్ని లైసెన్సు మీద, బీబీసీ పెట్టిన కొలతలకు లోబడి తయారుచేశాయి. 1980ల చివర్లో అందులోని కెఫ్ కంపెనీ డ్రైవర్లూ, వాటికి ఫ్రీక్వెన్సీలు పంచే క్రాసోవర్ సర్క్యూటూ మారి, 15 ఓమ్‌ల స్పీకరు 11 ఓమ్‌లదైంది. ముందు పక్క చూస్తే రెండూ ఒకటే, కానీ ఒకటి ఇది, ఒకటి అది పెడితే జత కాదు. మీ విషయంలో నంబర్ల తేడా చెప్పగలిగింది ఇంతవరకే: మధ్యలో డిజైను మారి ఉండవచ్చు, విచారించండి.

గది చేసే తేడాల ముందు స్పీకర్ల తేడా ఏపాటిదని మీ రెండో మిత్రుడు అనవచ్చు. 200, 300 హెర్ట్జ్ కింద ఆయన మాట నిజమే. అక్కడ గది పది డెసిబెల్స్ కూడా అటూ ఇటూ చేస్తుంది. హాలు ఒక పక్క డైనింగ్‌లోకి తెరుచుకునే మన ఫ్లాట్లలో ఎడమకీ కుడికీ పొంతనే ఉండదు. కానీ ఆ పైన చెవి గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కన్నా ముందుగా చేరిన దాన్ని బట్టే దిక్కు తేల్చుకుంటుందని 1949లో హెల్ముట్ హాస్ ప్రయోగాలు చూపాయి. ఆ ముందుగా చేరేది స్పీకరు నుంచి నేరుగా వచ్చేదే. మన రెండు చెవులే సమానం కావు కదా అనేవారూ ఉన్నారు. పుట్టిన నాటి నుంచీ లోకాన్నంతా ఆ చెవులతోనే విన్నాం, మెదడు ఆ లెక్క సరిచేసుకుంది. స్పీకర్ల లెక్క దానికి తెలియదు. అయితే అర డెసిబెల్ కోసం పట్టుబట్టడం కూడా వృథా, తల బెత్తెడు జరిపితే ట్రెబుల్‌లో అంతకన్నా ఎక్కువే మారుతుంది. మ్యాచ్‌డ్ పెయిరని అదనంగా డబ్బు అడిగితే, ఎన్ని డెసిబెల్స్ లోపు, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా అని అడగండి. ఒకే చెట్టు వెనీర్ అని జవాబు వస్తే ఆ జత కళ్లకే.

పాత స్పీకర్లలో అసలు భయం వయసు. వూఫర్ ఫోమ్ అంచు పొడిబారుతుంది, క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువలు మారతాయి. ఒకటి ఎండ తగిలే గదిలో, ఇంకొకటి నీడలో ఉంటే రెండూ ఒకేలా ముసలివి కావు. అందుకే వినకుండా కొనకండి. ప్లస్, మైనస్ వైర్లు రెండిటికీ ఒకేలా ఉన్నాయని చూసుకుని, సమాన దూరంలో కూర్చుని, మోనో పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) పెట్టించండి. అది మధ్యలో ఇరుకుగా నిలవాలి. పక్కకు ఒరిగితే వైర్లను అలాగే ఉంచి పెట్టెల చోట్లు మార్చండి. ఒరుగు కూడా పక్క మారితే లోపం పెట్టెల్లో ఉన్నట్టు, మారకపోతే గదిదో ఆంప్లిఫయర్‌దో. కొలిచే మైకు దొరికితే ఒక్కోదాన్నీ సరిగ్గా అదే చోట పెట్టి, అంతే దూరం నుంచి కొలిపించండి. 300 హెర్ట్జ్ పైన రెండు గీతలూ ఒక డెసిబెల్ లోపు నడిస్తే బేరం కుదుర్చుకోండి. క్రాసోవర్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఎడం కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు.

ప్రశ్న: ఒక స్పీకరులో ట్వీటర్ కాలిపోయింది. ఒకటే మార్చాలా, రెండూనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: స్పీకరు కొత్తదై, అదే కంపెనీ ట్వీటర్ దొరికితే ఒకటి చాలు. వేసిన తర్వాత పైన చెప్పిన పింక్ నాయిస్ పరీక్ష చేయండి. ఇరవై ఏళ్ల స్పీకరైతే రెండూ మార్చడమే మేలు. చాలా ట్వీటర్లలో వాయిస్ కాయిల్ చుట్టూ ఫెర్రోఫ్లూయిడ్ ఉంటుంది, అది ఏళ్ల మీద గట్టిపడి శబ్దాన్ని తగ్గించేస్తుంది. వేరే కంపెనీ ట్వీటర్‌ని మాత్రం ఒక్క పక్కనే వేయించకండి. రెండూ మారిస్తే, తీసేసిన మంచి ట్వీటర్‌ని షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.