కొండవాలుపై పనిచేసేవారి పాదాలకు రక్షణ



పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు నరికేవారు, ఘాట్ రోడ్డు పక్కన బండలు పగలగొట్టేవారు, గట్టుమీదికి కరెంటు స్తంభాలు మోసేవారు మనలో ఎందరో ఉన్నారు. దుంగ దొర్లినా, రాయి జారినా, గునపం చేయి తప్పినా దెబ్బ పడేది ఎక్కువగా పాదం మీదే. కాలు చెడితే కూలి పోతుంది; కూలి పోతే ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడతారు. అందుకే ఈసారి పాఠంలో వేళ్ళకు కవచం ఉన్న సేఫ్టీ బూట్లను ఎలా ఎంచుకోవాలో తెలుసుకుందాం.

కవచం అంటే ఏమిటి?

బూటు ముందు భాగంలో, తోలు కింద, వేళ్ళ మీద గిన్నెలా వంగిన గట్టి తొడుగు ఉంటుంది. దాన్ని ఉక్కుతోగాని, ఫైబరు వంటి పదార్థంతోగాని చేస్తారు. మన దేశంలో ఇలాంటి బూట్లకు ఐ.ఎస్. 15298 అనే ప్రమాణం ఉంది. అందులో 2వ భాగం కింద వచ్చే బూటు 200 జౌళ్ళ దెబ్బకు తట్టుకోవాలి. అంటే 20 కిలోల బరువు సుమారు ఒక మీటరు ఎత్తు నుండి పడినంత దెబ్బ అన్నమాట. 3వ భాగం కింద వచ్చేవి 100 జౌళ్ళకే పరీక్షింపబడతాయి. 4వ భాగం బూట్లకు కవచమే ఉండనక్కరలేదు. పైకి చూస్తే మూడూ ఒకలాగే కనిపించవచ్చు. కనుక కొనేముందు ఐ.ఎస్.ఐ. గుర్తును, దానితోపాటు ఏ భాగమో తెలిపే అంకెను చూడండి.

"ఉక్కు తొడుగు వంగితే వేళ్ళు తెగిపోతాయట" అని కొందరు భయపడతారు. కవచాన్ని వంచేంత బరువు పడితే, కవచం లేని వేళ్ళు అంతకు ముందే నలిగిపోతాయి. కాబట్టి ఆ భయంతో మామూలు చెప్పులతో పనికి వెళ్ళవద్దు.

వాలుకు ఏ బూటు మంచిది?

1. మడమ: సోలు కింద మడమ దగ్గర మెట్టులాంటి అంచు ఉండాలి. దిగేటప్పుడు మట్టిని పట్టి ఆపేది ఆ అంచే. అడుగంతా చదునుగా ఉన్న సోలు సిమెంటు నేలకు సరిపోతుందిగాని కొండకు పనికిరాదు.

2. గాడులు: సోలు గాడులు లోతుగా, ఎడంగా ఉండాలి. దగ్గరదగ్గరగా ఉన్న గాడుల్లో ఎర్రమట్టి ఇరుక్కుని జారుతుంది.

3. చీలమండ: చీలమండను కప్పేంత ఎత్తు, గట్టిగా బిగించుకునే లేసులు ఉండాలి. పొదల్లో పాముకాటు నుండి కూడా ఇది కొంత కాపాడుతుంది. గమ్ బూట్లు బురదకు మంచివే. కాని లోపల కాలు కదులుతుంది కనుక నిటారు వాలుపై పట్టు తప్పుతుంది.

4. బరువు: రోజంతా ఎక్కి దిగేవారికి తేలికైన బూటు మేలు. ఫైబరు కవచం ఉక్కుకంటే తేలిక. అదే ప్రమాణం ముద్ర ఉంటే రక్షణలో తక్కువ కాదు.

5. అడుగు: ముళ్ళు, నరికిన మోళ్ళు ఉన్నచోట సోలులో మేకు దిగని పొర ఉండాలి. ఎస్ 3 అనే గుర్తున్న బూటులో ఈ పొర, గాడుల సోలు, నీటిని త్వరగా పీల్చని పైభాగం ఉంటాయి.

కొలత చూసుకోవడం

మామూలు బూటు బిగువైతే కొన్నాళ్ళకు సాగుతుంది. కవచం మాత్రం సాగదు. దిగుడులో కాలు ముందుకు జారి వేళ్ళు కవచానికి కొట్టుకుంటాయి. గోళ్ళు నల్లబడడం, బొబ్బలు లేవడం ఇందువల్లనే. సాయంత్రం పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కనుక అప్పుడు, పనిలో వేసుకునే మేజోళ్ళతోనే కొలత చూడండి. లేసులు బిగించి, మెట్లమీదనో ఏటవాలుగా ఉన్న పలకమీదనో దిగి చూడండి. వేళ్ళు ముందు తగిలినా, మడమ లేచినా ఆ బూటు వద్దు. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు కాళ్ళూ ఒకే కొలత కాకపోతే పెద్ద కాలికి సరిపోయేది తీసుకోండి.

స్పర్శ తగ్గినవారికి హెచ్చరిక

చక్కెర వ్యాధి, కుష్ఠు వ్యాధి ఉన్నవారిలో పాదానికి స్పర్శ తగ్గవచ్చు. కుష్ఠు రోగుల చేతులు, కాళ్ళు చెడిపోవడానికి నొప్పి తెలియకపోవడమే ముఖ్య కారణమని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరి నుండి చేసిన కృషి లోకానికి చూపింది. నొప్పి తెలియని కాలికి బిగువు బూటు ఉదయం వేస్తే సాయంత్రానికి పుండు పడుతుంది, ఆ సంగతి తెలియనే తెలియదు. ఇలాంటివారు డాక్టరుకు పాదం చూపించి, ఆ తరువాతే బూటు కొనాలి. కొత్త బూటును మొదట్లో రోజుకు ఒకటి రెండు గంటలే వేసుకుని, విప్పగానే ఎర్రబడిన చోటు ఉందేమో చూసుకోవాలి.

రోజూ చేయవలసినవి

• వేసుకునే ముందు బూటును దులిపి చూడండి. తేలు, గులకరాయి, పైకి వచ్చిన మేకు ఉండవచ్చు.
• తడిసిన బూటును నీడలో, గాలికి ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుంది.
• మేజోళ్ళు రోజూ ఉతకండి. వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోండి.
• పెద్ద దెబ్బ పడిన బూటు పైకి బాగున్నా మళ్ళీ వాడవద్దు. ఒకసారి వంగిన కవచం రెండోసారి కాపాడకపోవచ్చు.
• ఏళ్ళ తరబడి కొట్లో పడి ఉన్న పాలీయురెథేన్ సోలు వాడకపోయినా పొడిపొడిగా రాలిపోతుంది. తయారైన తేదీ చూసి కొనండి.

దెబ్బ తగిలితే లేసులు కోసి, బూటును మెల్లగా తీయండి. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పి, కాలు ఎత్తుగా పెట్టి ఆసుపత్రికి తీసుకురండి. ఆకుపసరు, బూడిద పెట్టవద్దు. ధనుర్వాతం సూది అవసరమేమో అడగండి.

పనికి తగిన రక్షణ సామగ్రి ఇవ్వడం యజమాని బాధ్యత. దాని ఖరీదును కూలిలో పట్టుకోకూడదు. నలుగురూ కలిసి అడిగితే మేస్త్రీ కాదనడం కష్టం.

ఇంట్లో చర్చించుకోండి

1. మన ఇంట్లో పనికి వెళ్ళేవారి బూటు ముందు బొటనవేలంత ఖాళీ ఉందా?
2. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, భాగం అంకె ఉన్నాయా?
3. చక్కెర వ్యాధి ఉన్నవారి పాదాలను ఈ వారం ఎవరైనా చూశారా? చూడకపోతే ఈ రాత్రే దీపం దగ్గర కూర్చోబెట్టి చూడండి.